రెండు పద్దులు, ఒక సరిహద్దు

2006 తొలి నెలలు. నల్లసముద్రం మీంచి వీచే గాలికి కుచుర్గాన్ అనే ఉక్రెయిన్ సరిహద్దు ఊరి చుట్టుపక్కల పొలాలన్నీ గడ్డకట్టుకుపోయాయి. అర్ధరాత్రి దాటింది. ఒక పాత గజెల్ వాను దీపాలార్పుకుని మట్టిదారిలో పడమటి నుంచి తూర్పుకి మెల్లగా కదులుతోంది. నడిపేవాడికి ఆ దారి చిన్నప్పట్నుంచీ తెలిసిందే. అక్రోటు చెట్ల వరుస ఒకటి వస్తుంది. అది దాటితే ఒక దేశం అయిపోయి ఇంకో దేశం మొదలవుతుంది. కంచె లేదు, గోడ లేదు. పగలైతే అటువైపు మేనత్త ఇంటికి నడిచి వెళ్లే దారే అది.

వాను వెనకాల అట్టపెట్టెలు నిండుగా ఉన్నాయి. తుపాకులు కావు, మత్తుమందూ కాదు. అట్లాంటిక్ అవతలి నుంచి ఓడలో వచ్చిన కోడి లెగ్‌పీసులు.

ముందే ఒక మాట చెప్పాలి. ఆ వాను నడిపినవాడికి ఇక్కడ పేరు పెట్టలేదు. అలాంటివాళ్లు ఆ చలికాలం ఆ పొలాల్లో ఎందరో తిరిగారు. ఒక్కడి రూపంలో వాళ్లందర్నీ నేను కూర్చాను. తర్వాత వచ్చే మన తెలుగమ్మాయి కూడా అంతే. వాళ్ల మాటలూ కదలికలూ నా ఊహ. ఊళ్లు, తేదీలు, ఒప్పందాలు, అంకెలు మాత్రం జరిగినవి, నమోదైనవి.

సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్లూ ఆ అక్రోటు చెట్ల వరుసకి అర్థమేమీ లేదు. ఉక్రెయిన్, మొల్డోవా ఒకే రాజ్యంలోని రెండు రిపబ్లిక్కులు. వాటి మధ్య గీత పటంలో ఉండేది, నేల మీద ఉండేది కాదు. 1991 ఆగస్టు 24న ఉక్రెయిన్, మరో మూడు రోజులకి మొల్డోవా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. 1,222 కిలోమీటర్ల పొడవున ఉన్న ఆ గీత ఒక్క వారంలో అంతర్జాతీయ సరిహద్దు అయిపోయింది. కాపలాకి మనుషుల్లేరు, ఠాణాల్లేవు, ఒకరి కాగితాలు ఒకరు చూసుకునే అలవాటు అసలే లేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మొల్డోవాలో నీస్టర్ నదికి తూర్పుగట్టున సన్నటి పట్టీలాంటి భూభాగం ఉంది. దాని పేరు ట్రాన్స్‌నిస్ట్రియా. 1990లోనే అది వేరుపడ్డానని ప్రకటించుకుంది. 1992లో కొన్ని నెలలు యుద్ధం జరిగి, జులై 21న కాల్పుల విరమణ కుదిరింది. రష్యా సైనికులు అక్కడే ఉండిపోయారు. తిరస్పోల్ రాజధానిగా ఆ పట్టీకి సొంత రూబులు, సొంత పోలీసులు, సొంత కస్టమ్స్ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఒక్కటి కూడా దాన్ని దేశంగా గుర్తించలేదు. ఉక్రెయిన్‌తో మొల్డోవాకి ఉన్న సరిహద్దులో సుమారు 450 కిలోమీటర్లు ఈ పట్టీ పొడవునే సాగుతాయి. అక్కడ మొల్డోవా అధికారి కాలు పెట్టలేడు. తన దేశపు గుమ్మం దగ్గర తనే నిలబడలేని స్థితి అది.

ఇక వాను సంగతి. పెట్టెల్లోని కోడిమాంసం ముందు ఒడెసా పరిసరాల రేవుల్లో దిగుతుంది. ఉక్రెయిన్‌లో అమ్ముతానంటే దిగుమతి సుంకం బాగా ఎక్కువ. అందుకని కాగితాల మీద దాన్ని ‘ట్రాన్సిట్’ సరుకుగా రాస్తారు: ఇది మాది కాదు, ట్రాన్స్‌నిస్ట్రియాకి పోతోంది, దారి ఇస్తే చాలు అని. ఉక్రెయిన్ సుంకం పడదు. పెద్ద లారీ దర్జాగా, పగటిపూట, సీళ్లతో సహా సరిహద్దు దాటుతుంది. అటువైపు తిరస్పోల్ వాళ్లు వేసే పన్ను నామమాత్రం. గోదాములో పెట్టెలు దించి, చిన్నచిన్న వాన్లలోకీ కార్లలోకీ పంచుతారు. ఆ రాత్రో మర్నాటి రాత్రో అదే మాంసం పొలాల దారిన తిరిగి ఉక్రెయిన్‌కే వచ్చి, ఉదయానికల్లా బజారులో బల్లల మీద ఉంటుంది.

ఇందులో పోయేది సుంకం ఒక్కటే కాదు. శీతల లారీలో బిగుసుకుని వచ్చిన మాంసం మామూలు వానులో కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. ఏ పశువైద్యుడూ దాన్ని చూడడు. పిల్లాడికి చారు కాచి పెట్టాలని సంచీ పట్టుకుని బజారుకెళ్లిన తల్లికి అది ఎన్నిసార్లు కరిగిందో ఎవరు చెప్తారు?

వాను నడిపేవాడి మీద నాకు కోపం లేదు. సోవియట్ కాలంలో నడిచిన కర్మాగారాలు మూతపడ్డ ప్రాంతం అది. రాత్రికింతని చేతిలో పెడితే బండి తోలాడు. లాభం తిన్నవాళ్లు పొలాల్లో చలికి వణకలేదు. వాళ్లు వెచ్చటి గదుల్లో కూర్చుని కాగితాలు రాయించారు. సరిహద్దు దొంగతనం ఎక్కడైనా ఇలాగే ఉంటుంది. మొయ్యేవాడు దొరుకుతాడు, రాయించినవాడు దొరకడు.

ఈ సంగతి ఉక్రెయిన్ అధికారులకి తెలియదా అంటే, సగం తెలుసు. ఎన్ని లారీలు బయటికి వెళ్లాయో వాళ్ల రిజిస్టర్లో ఉంది. మొల్డోవా అధికారులకీ సగం తెలుసు. తమ దేశంలోకి ఎంత సరుకు న్యాయంగా వచ్చిందో వాళ్ల పుస్తకంలో ఉంది. ఈ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీదకి ఎన్నడూ రాలేదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. మీవాళ్లే లంచం తిని వదిలేస్తున్నారని వీళ్లు, మీ దేశంలో సగం మీ చేతుల్లోనే లేదని వాళ్లు. మా చిన్నతనంలో ఇచ్ఛాపురం దగ్గరా, తడ దగ్గరా చెక్‌పోస్టుల ముందు లారీలు బారులు తీరి ఉండేవి. ఒక గేటు దగ్గర రాసింది రెండో గేటు వాడికి తెలిసేది కాదు. ఒకే దేశంలోనే అంత గందరగోళముంటే, పద్నాలుగేళ్ల కిందటే విడిపోయిన రెండు దేశాల సంగతి వేరే చెప్పాలా?

2005 జూన్ 2న ఆ ఇద్దరు పొరుగువాళ్లూ కలిసి ఒక ఉత్తరం రాశారు. మొల్డోవా అధ్యక్షుడు వ్లాదిమిర్ వొరోనిన్ కమ్యూనిస్టు పార్టీ నాయకుడు. ఉక్రెయిన్ అధ్యక్షుడు విక్టర్ యుష్చెంకో అంతకు ఆరు నెలల ముందే ఆరెంజ్ విప్లవం అండతో గెలిచి వచ్చినవాడు. రాజకీయంగా ఉత్తర దక్షిణ ధ్రువాలు. అయినా ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి ఐరోపా కమిషన్‌ని అడిగారు: మా సరిహద్దు మాకు చాతకావడం లేదు, సాయం చెయ్యండి అని. నా మటుకు నాకు ఈ మొత్తం గాథలో అత్యంత ధైర్యమైన పని ఇదే. సరిహద్దంటే ఏ ప్రభుత్వానికైనా పౌరుషం. అక్కడ మా వల్ల కావడం లేదని రాసివ్వడం, అదీ పొరుగువాడితో కలిసి, తేలిక కాదు.

ఐరోపా యూనియన్‌కీ తొందర ఉంది. 2007 జనవరి 1న రుమేనియా ఆ కూటమిలో చేరబోతోంది. ఆ రోజు నుంచి మొల్డోవా వాళ్ల గుమ్మం పక్కనే ఉంటుంది. పైగా ట్రాన్స్‌నిస్ట్రియాలో కొబాస్నా అనే ఊళ్లో, ఉక్రెయిన్ సరిహద్దుకి కూతవేటు దూరంలో, సోవియట్ సైన్యం వదిలేసిన మందుగుండు గిడ్డంగి ఉంది. సుమారు 20,000 టన్నులు. ఆ పట్టీలోంచి ఆయుధాలు ప్రపంచమంతా పోతున్నాయని పత్రికలు రాస్తున్న కాలం అది.

అక్టోబరు 7న పలాంకా అనే సరిహద్దు పల్లెలో ఒప్పందం కుదిరింది. నవంబరు 30న ఒడెసాలో కార్యాలయం తెరిచారు. ఐరోపా యూనియన్ సరిహద్దు సహాయ మిషన్ అని పేరు, పొట్టిగా యూబామ్. దాని తొలి అధిపతి హంగరీకి చెందిన జనరల్ ఫెరెంత్స్ బాన్ఫీ. ఐరోపా దేశాల నుంచి కస్టమ్స్ అధికారులు, సరిహద్దు పోలీసులు వచ్చి చేరారు.

వాళ్ల దగ్గర తుపాకీ లేదు. లారీని ఆపే అధికారం లేదు. ఒక్క పెట్టెనైనా జప్తు చేసే హక్కు లేదు. వాళ్లకి ఇచ్చిందల్లా ఒకటే: చెప్పకుండా ఏ ఠాణాకైనా, ఏ వేళైనా వెళ్లొచ్చు, అక్కడ నిలబడి చూడొచ్చు, కాగితాలడగొచ్చు, ప్రశ్నించొచ్చు, చూసింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌కీ, మొల్డోవా రాజధాని చిసినావ్‌కీ రాయొచ్చు.

ఇంతేనా అనిపిస్తుంది. అక్కడి గుమాస్తాలకీ మొదట అలాగే అనిపించి ఉంటుంది. ఒక ఠాణాని ఊహించుకోండి. మంచు కురుస్తోంది. రాత్రి రెండింటికి తలుపు తోసుకుని ఒక పెద్దమనిషి, పక్కన దుబాసీ, లోపలికొచ్చారు.

“ఈ లారీలో సరుకేమిటండీ?”

“కోడిమాంసం. ట్రాన్సిట్.”

“ఎక్కడికి?”

“కాగితంలో ఉంది కదా. తిరస్పోల్.”

“నిన్నా ఇదే కదా వెళ్లింది?”

“వెళ్తుందండీ. రోజూ వెళ్తుంది.”

“అక్కడ దిగినట్టు తెలిపే కాగితం మీకు తిరిగొస్తుందా?”

గుమాస్తా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న అతన్ని అంతకుముందు ఎవరూ అడగలేదు. తన పని సీలు చూడటం, ముద్ర కొట్టడం, గేటెత్తడం. గేటుకి అవతల సరుకు ఏమవుతుందో తెలుసుకోవడం ఎవరి పనీ కాదు. దొంగలకి కావలసిందీ అదే.

ఒడెసా కార్యాలయంలో ఎవరో ఒకరు, ఏదో ఒక సాయంత్రం, రేవులోంచి ట్రాన్స్‌నిస్ట్రియాకి బయల్దేరిన కోడిమాంసం మొత్తాన్ని కూడి ఉంటారు. 2005 శరత్కాలం నుంచి మరుసటి ఏడాది వసంతం దాకా, కొద్ది నెలల్లోనే, సుమారు 40,000 టన్నులు. అంటే నాలుగు కోట్ల కిలోలు. ఆ పట్టీలో జనం ఆరు లక్షలకి కాస్త తక్కువ. భాగిస్తే తలకి 66 కిలోలకి పైనే. పళ్లు రాని పసిపాప, పళ్లూడిన ముసలమ్మ, ఆసుపత్రి మంచం మీదున్న రోగి, ఉపవాసముండే పూజారి, అందర్నీ కలుపుకునే ఈ లెక్క. ఏడాదికి కాదు, కొన్ని నెలలకి!

ఆయుధాల కోసం వచ్చినవాళ్లకి కోళ్లు దొరికాయి. పెద్ద ఎత్తున, ఒక పద్ధతి ప్రకారం ఆయుధాల దొంగరవాణా సాగుతోందనడానికి తమకి ఆధారాలు కనబడలేదని ఆ మిషన్ ఆ తర్వాత చెబుతూ వచ్చింది. ఈ మాట చాలామందికి నిరాశ కలిగించింది. ఆ గీత మీద ఏదో భయంకరమైంది జరుగుతోందని చెప్పుకోవడమే అలవాటైపోయింది కదా! కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆ సాయంలో విలువైన భాగం. వదంతి చోట అంకె వచ్చింది. ఆ అంకె కీవ్ చెప్పి ఉంటే చిసినావ్ నమ్మేది కాదు, చిసినావ్ చెప్పి ఉంటే కీవ్ ఒప్పుకునేది కాదు. రెండు పద్దుల్నీ పక్కపక్కన పెట్టింది మూడోవాడు కాబట్టి, ఇద్దరూ తల తిప్పుకోలేకపోయారు.

దొంగరవాణా మర్నాడే ఆగిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నిఘా పెరిగిన దారి వదిలి కొత్త దారులు పట్టింది, సరుకులు మార్చింది, సిగరెట్లలోకి దిగింది. ఇరుపక్కలా సుంకాల్లో తేడా ఉన్నంతకాలం ఆ తేడా మీద బతికేవాళ్లు ఉంటారు. 2008 మేలో ఉక్రెయిన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరి సుంకాలు సవరించుకుంది. పొలాల్లో గస్తీలు ఎన్ని పెట్టినా రాని ఫలితం ఇలాంటి సవరణల వల్ల వస్తుంది. కాపలా వాళ్లకి ఈ మాట నచ్చకపోవచ్చు.

ఈలోగా అసలు పరీక్ష 2006 మార్చి 3న వచ్చింది.

అంతకు రెండు నెలల ముందు, డిసెంబరు 30న, రెండు దేశాల ప్రధానులూ ఒక ఉమ్మడి ప్రకటన చేశారు. ట్రాన్స్‌నిస్ట్రియా నుంచి ఉక్రెయిన్‌లోకి వచ్చే ఏ ఎగుమతి సరుకు మీదైనా మొల్డోవా కస్టమ్స్ ముద్ర ఉండి తీరాలి. ఆ ముద్ర కావాలంటే కంపెనీ చిసినావ్‌లో నమోదు కావాలి. మార్చి 3 నుంచి అది అమలైంది. తిరస్పోల్ భగ్గుమంది. ఇది ఆర్థిక దిగ్బంధం అంది. మాస్కో వంత పాడింది. వీధుల్లో జనం, చేతుల్లో ప్లకార్డులు. తిరస్పోల్ పాలకులు తమ సరుకుని తామే కొన్నాళ్లు కదలనివ్వలేదు. అదే నెల చివర్లో రష్యా మొల్డోవా వైన్ దిగుమతుల్ని నిషేధించింది. ద్రాక్షతోటలే ఆధారమైన చిన్న దేశానికి అది చావుదెబ్బ.

ఆ వారాల్లో సరిహద్దు గేట్ల దగ్గర నిలబడ్డ ఐరోపా అధికారులు చేసిన పని గురించి ఎక్కడా గొప్ప కథలు లేవు. గేటు నిజంగా మూశారా, లేదా, ఆహారం, మందులు వెళ్తున్నాయా, ఎవరి లారీ ఎందుకు ఆగింది అని రోజూ చూసి రాశారు. దిగ్బంధం అని ఒకరు, కాదని ఒకరు అరుస్తున్నప్పుడు, గేటు దగ్గర ఉండి చూసి చెప్పే మనిషి ఒకడుండటం ఎంత అవసరమో!

తర్వాత మెల్లమెల్లగా కంపెనీలు నది దాటి చిసినావ్ వచ్చాయి. రిబ్నిత్సా ఉక్కు కర్మాగారం, తిరస్పోల్ బట్టల మిల్లు, బ్రాందీ కంపెనీ ఒకటొకటిగా నమోదయ్యాయి. కారణం దేశభక్తి కాదు. మొల్డోవా ముద్ర ఉంటే ఐరోపా బజారులో సుంకం రాయితీ దొరుకుతుంది. దిగ్బంధమన్న ముద్రే కొన్నేళ్లకి వాళ్ల జీతాలకి ఆధారమైంది. ఆ పట్టీ ఎగుమతుల్లో పెద్ద వాటా ఐరోపా యూనియన్‌కి వెళ్లసాగింది.

ఆ తర్వాత పదేళ్ల పనిని త్వరగా చెప్పేయొచ్చు. సరుకు గేటు దగ్గరికి రాకముందే దాని వివరాలు ఒక దేశం కంప్యూటరు నుంచి ఇంకో దేశం కంప్యూటరుకి చేరే ఏర్పాటు, ప్రతి లారీనీ విప్పకుండా అనుమానం ఉన్నదాన్నే విప్పే పద్ధతి, ఉమ్మడి గస్తీలు, శిక్షణలు. చదవడానికి రుచించవుగానీ, సరిహద్దు బాగుపడటమంటే ఇవే.

కానీ పలాంకా గురించి ఆగి చెప్పాలి. ఒడెసా నుంచి రెని రేవుకి పోయే ఉక్రెయిన్ రహదారి ఆ ఊరి దగ్గర ఏడున్నర కిలోమీటర్లకి పైగా మొల్డోవా నేల మీంచి వెళ్తుంది. నేల మొల్డోవాది, రోడ్డు ఉక్రెయిన్‌ది. మన ఊళ్లలో ఇలాంటి గట్టు తగాదాకి తరతరాలు కోర్టుల చుట్టూ తిరుగుతారు. వీళ్లూ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. చివరికి ఆ నేల మీదే ఐరోపా సొమ్ముతో ఒక ఉమ్మడి ఠాణా కట్టారు. ఒకే కప్పు కింద ఇద్దరు అధికారులు, పక్కపక్క కుర్చీల్లో. ప్రయాణికుడు ఒకసారి ఆగితే చాలు.

అటు కుచుర్గాన్‌లోనూ 2017 జులైలో అలాంటిదే మొదలైంది. ఉక్రెయిన్ నేల మీద, ఉక్రెయిన్ అధికారి పక్కన, మొల్డోవా అధికారి కూర్చున్నాడు. తూర్పు గట్టు మీద అడుగు పెట్టలేని మొల్డోవా, ఆ పట్టీలోకి ఏం పోతోందో ఏం వస్తోందో అవతలి వైపు నుంచి తన కళ్లతో తాను చూసుకోగలిగింది. పాతికేళ్ల తర్వాత అది మొదటిసారి. తిరస్పోల్ ఒప్పుకోలేదు, నిరసన తెలిపింది. అయినా కుర్చీ కుర్చీలాగే ఉంది.

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. ఒడెసా పేలుళ్లతో లేచింది.

వైద్యవిద్య చదువుకోవడానికి మన తెలుగు ఇళ్లలోంచి ఉక్రెయిన్ వెళ్లిన పిల్లలు ఎందరో. పొలం తాకట్టు పెట్టి పంపినవాళ్లూ ఉన్నారు, చిట్టీ పాడి పంపినవాళ్లూ ఉన్నారు. ఒడెసాలో మూడో ఏడు చదివే ఒక అమ్మాయిని అనుకుందాం. హాస్టల్ బేస్‌మెంట్లో చలికి ముడుచుకుని కూర్చుంది. ఫోను మోగింది.

“నాన్నా, ఏమైనా తిన్నావా?”

“తిన్నానమ్మా. బ్రెడ్డుంది.”

“ఎప్పుడొస్తావ్?”

“విమానాల్లేవమ్మా. బస్సు మాట్లాడుతున్నారు సీనియర్లు. మొల్డోవా వైపు వెళ్దామంటున్నారు.”

“అదెక్కడే తల్లీ?”

“దగ్గరేనమ్మా. అరవై కిలోమీటర్లు.”

పటంలో దగ్గరే. బస్సు అద్దానికి మువ్వన్నెల జెండా అతికించుకుని బయల్దేరారు. పలాంకా ఇంకా దూరంగా ఉండగానే రోడ్డు నిండిపోయింది. కార్ల బారు ఎక్కడ మొదలైందో కనబడటం లేదు. దిగి నడిచారు. చక్రాల పెట్టెలు మంచుబురదలో దిగబడుతున్నాయి. పక్కనే నడుస్తున్న ఒక తల్లి చంకలో బిడ్డ, చేతిలో పిల్లి బుట్ట. గేటు దగ్గరకొచ్చేసరికి ఒక మగమనిషి ఆగిపోయాడు. 18 నుంచి 60 ఏళ్ల ఉక్రెయిన్ మగవాళ్లు దేశం దాటకూడదని అప్పటి సైనిక శాసనం. భార్యనీ పిల్లల్నీ గేటు దాకా దింపి వెనక్కి నడిచాడు. ఇరవయ్యేళ్ల మన పిల్లలు అది చూశారు.

మామూలు రోజుల్లో అయితే మొల్డోవాలో అడుగుపెట్టడానికి భారతీయుడికి వీసా కావాలి. ఫిబ్రవరి 28న మన విదేశాంగ మంత్రి జైశంకర్ మొల్డోవా విదేశాంగ మంత్రి నికు పొపెస్కుతో మాట్లాడారు. పిల్లల్ని రానివ్వమని అడిగారు. వాళ్లు సరేనన్నారు. రుమేనియా, మొల్డోవాల బాధ్యత చూడటానికి కేంద్ర మంత్రి జ్యోతిరాదిత్య సింధియాని ప్రభుత్వం పంపింది. గేటు దగ్గర పాస్‌పోర్టు చూసి ముద్ర కొట్టి పంపేశారు. అవతల వాలంటీర్లు వేడి టీ, సూపు పట్టుకుని నిలబడ్డారు. చిసినావ్‌లో ఆటల హాళ్లలో, మోల్డ్ఎక్స్‌పో ప్రదర్శనశాలలో మంచాలు వేశారు.

మొల్డోవా ఐరోపాలో పేదదేశాల్లో ఒకటి. అప్పటి జనాభా సుమారు పాతిక లక్షలు. మొదటి నెలలోనే మూడు లక్షల మందికి పైగా ఆ గేట్లలోంచి లోపలికొచ్చారు. యూబామ్ విదేశీ సిబ్బంది ఒడెసా వదిలి మొల్డోవా వైపు వచ్చారు. పదహారేళ్లుగా ఏ అధికారుల వెనక నిలబడి చూస్తూ రాస్తూ ఉన్నారో, ఇప్పుడు వాళ్లకే తోడుగా నిలిచారు. మార్చి 17న ఐరోపా సరిహద్దు సంస్థ ఫ్రాంటెక్స్ మొల్డోవాతో ఒప్పందం చేసుకుని మనుషుల్ని పంపింది. పలాంకా నుంచి రుమేనియాలోని హూషి పట్నానికి శరణార్థుల కోసం ఐక్యరాజ్యసమితి సంస్థలు బస్సులు నడిపాయి.

ఈ ఠాణాలు, ఈ కంప్యూటర్లు, ఈ శిక్షణలు కోడిమాంసం, సిగరెట్ల కోసం మొదలైనవి. వాటి మీదుగా ఇంతమంది తల్లులూ పిల్లలూ దాటతారని 2005లో ఉత్తరం రాసినవాళ్లు ఊహించి ఉండరు. కానీ గేటుకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకరి నంబరు ఒకరి ఫోనులో ఉన్నవాళ్లు. అవతల ఎన్ని కార్లున్నాయి, ఎందరు నడిచొస్తున్నారు అని అడిగితే నిజం చెప్పే అలవాటున్నవాళ్లు. ఆ చలిలో ఆ పరిచయం ప్రాణాలకి పనికొచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

మన అమ్మాయి చిసినావ్ నుంచి నాలుగు వందల కిలోమీటర్లకి పైగా బస్సులో బుకారెస్ట్ చేరింది. విమానాశ్రయంలో నేల మీద నిద్రపోయింది. ‘ఆపరేషన్ గంగ’ విమానంలో ఢిల్లీ వచ్చింది. అక్కడ మన రాష్ట్ర భవన్ల సిబ్బంది పేర్లు పిలిచి, తిండి పెట్టి, ఇంటిదాకా టికెట్లిచ్చి పంపారు. యుద్ధానికి ముందే వచ్చేసినవాళ్లని కూడా కలుపుకుంటే మొత్తం సుమారు 22,500 మంది భారతీయులు ఇల్లు చేరారు.

యుద్ధం మొదలవగానే ఉక్రెయిన్ ట్రాన్స్‌నిస్ట్రియా వైపు ఉన్న గేట్లన్నీ మూసేసింది. కుచుర్గాన్ గేటూ మూతపడింది. దాంతో ఆ పట్టీలోకి బియ్యపు గింజ వెళ్లాలన్నా, అక్కణ్నుంచి ఉక్కు కడ్డీ బయటికి రావాలన్నా నది దాటి మొల్డోవా చేతుల మీదుగానే. ఇన్నేళ్ల బుజ్జగింపులతో పూర్తిగా సాధ్యం కానిది యుద్ధం ఒక్క దెబ్బతో చేసేసింది. నాకిది సంతోషం కలిగించదు. ముద్ర కోసం చిసినావ్ వచ్చిన కంపెనీ లాభం చూసుకుని తన కాళ్ల మీద తాను వచ్చింది. గేటు మూసేస్తే వచ్చినవాడు గత్యంతరం లేక వచ్చాడు. ఆ రెండూ ఒకటి కావు.

2024 జనవరి 1 నుంచి మొల్డోవా కొత్త కస్టమ్స్ చట్టం అమల్లోకొచ్చింది. తూర్పుగట్టు కంపెనీలు కూడా దిగుమతి సుంకం చిసినావ్ ఖజానాకే కట్టాలి. ఫిబ్రవరి 28న తిరస్పోల్‌లో ప్రతినిధులంతా సమావేశమై, మొల్డోవా మమ్మల్ని ఆర్థికంగా నలిపేస్తోంది, కాపాడండని మాస్కోని వేడుకున్నారు. 2006 మార్చిలో వినబడిన మాటలే చాలావరకు మళ్లీ వినబడ్డాయి. ఆ సుంకం సొమ్ములో ఎంతో కొంత నదికి తూర్పున ఉన్న బడులకీ ఆసుపత్రులకీ తిరిగి చేరుతోందని అక్కడి మనుషులకి కళ్ల ముందు కనబడేలా చెయ్యడం చిసినావ్ చేతుల్లో ఉన్న పని. దానికి ఏ విదేశీ మిషనూ అక్కర్లేదు.